ట్రౌట్‌కి ఏ రీల్? ముందు లూర్ బరువు చూడండి

నమస్తే అండీ. ట్రౌట్ చేపల కోసం మొదటి రీల్ (గాలం కర్రకి బిగించి లైన్, అంటే గాలపు దారం, చుట్టుకునే సాధనం) కొనబోయేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: స్పిన్నింగా, బెయిట్‌కాస్టింగా? రీల్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ డబ్బాలో ఉన్న లూర్లు (చేపని ఆకర్షించే నకిలీ ఎరలు) తీసి అరచేతిలో పెట్టుకోండి. వాగుల్లో, ఏర్లలో ట్రౌట్‌కి వాడే స్పిన్నర్లు, చిన్న స్పూన్లు, జిగ్‌లు లాంటి లూర్లు చాలావరకు 2 నుంచి 7 గ్రాముల లోపే ఉంటాయి. ఏ రీల్ కొనాలో ఆ బరువే చెప్తుంది.

ఎలాగంటారా? బెయిట్‌కాస్టింగ్ రీల్‌లో స్పూల్ (లైన్ చుట్టి ఉండే కండె) తిరిగితేనే లైన్ బయటికొస్తుంది. మరి దాన్ని తిప్పేదెవరు? గాల్లో వెళ్తున్న లూరే. 15 గ్రాముల లూర్ ఆ పని సులువుగా చేసేస్తుంది. 3 గ్రాముల స్పిన్నర్‌కి అంత సత్తా లేదు. దూరం పోవాలని గట్టిగా విసిరామనుకోండి, స్పూల్ ఒక్కసారిగా జోరందుకుంటుంది. అంతలో గాలి తగిలి లూర్ నెమ్మదిస్తుంది, స్పూల్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వదులైన లైనంతా రీల్‌లోనే పోగుపడి చిక్కుకుపోతుంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. ఎదురుగాలిలో అయితే మరీ కష్టం. బ్రేకులు బిగిస్తే చిక్కు తగ్గుతుంది, కానీ లూర్ కాళ్ల దగ్గరే పడుతుంది.

స్పిన్నింగ్ రీల్‌లో విసిరేటప్పుడు స్పూల్ అసలు కదలదు. 1905లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే జౌళి వ్యాపారి ఈ తరహా రీల్‌కి పేటెంట్ తీసుకున్నారు. మిల్లులో కదలని కండె కొస మీంచి నూలు జారినట్టే, ఇందులో లైన్ స్పూల్ అంచు మీంచి చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. లూర్ లాగాల్సింది లైన్‌ని మాత్రమే. అందుకే 2 గ్రాములదైనా చక్కగా ఎగురుతుంది.

కాబట్టి వాగులో ట్రౌట్ పట్టడానికైతే స్పిన్నింగే తీసుకోండి, నేను గట్టిగా చెప్తున్నాను. 1000 నుంచి 2500 సైజు నంబర్ల మధ్యలో ఏదైనా సరిపోతుంది. లైన్ 4 పౌండ్ల బరువు తట్టుకునేది, కొంచెం పెద్ద చేపలుంటే 6 పౌండ్లది. కొనేటప్పుడు బేరింగులు ఎన్నున్నాయని కాదు, డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు లైన్‌ని కొద్దికొద్దిగా వదిలే బ్రేకు) ఎంత మెత్తగా కదులుతుందో చూడండి. ట్రౌట్ ఉన్నట్టుండి దూకుతుంది, తల విదిలిస్తుంది. ఆ క్షణంలో డ్రాగ్ పట్టేస్తే సన్నటి లైన్ తెగుతుంది, లేదా గాలం ఊడొస్తుంది. లైన్ బలంలో నాలుగో వంతు దగ్గర డ్రాగ్ పెట్టండి. 4 పౌండ్ల లైన్‌కి అది అరకిలో కంటే కాస్త తక్కువే.

అలాగని బెయిట్‌కాస్టింగ్ పనికిరాదని కాదండీ. పెద్ద సరస్సులో పెద్ద బ్రౌన్ ట్రౌట్ కోసం 15, 20 గ్రాముల ప్లగ్‌లు (చేప ఆకారపు లూర్లు) వేస్తున్నారా? 10 పౌండ్ల లైన్ వాడుతున్నారా? అప్పుడు నా ఓటు దానికే. బొటనవేలు స్పూల్ మీద పెట్టి, లూర్‌ని అనుకున్న చోట దించడంలో ఉన్న ఆనందమే వేరు. బోటు వెనక లూర్ లాగే ట్రోలింగ్‌కీ ఇలా స్పూల్ తిరిగే రీలే మేలు.

బెయిట్‌కాస్టింగ్‌లోనే జపాన్‌లో పుట్టిన బెయిట్ ఫినెస్ రీల్స్ గురించి కూడా చెప్పాలి. వీటిలో స్పూల్ చాలా తేలిక, లోతు తక్కువ. అందుకే 3 గ్రాముల లూర్ కూడా దాన్ని తిప్పగలదు. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది. కాకపోతే తగిన రాడ్ (గాలం కర్ర) కావాలి, చేతికి సాధన కావాలి. మొదటి రీల్‌గా మాత్రం వద్దు.

స్పిన్నింగ్‌కి ఉన్న అసలు బాధ లైన్ మెలిక పడటం. స్పిన్నర్ లూర్లు నీళ్లలో గిరగిరా తిరుగుతాయి కాబట్టి ముందు చిన్న స్వివెల్ (లైన్‌ మెలిక పడకుండా తనే తిరిగే లింకు) కట్టండి. విసిరాక బెయిల్‌ని (లైన్‌ని స్పూల్ మీద చుట్టే తీగ కమ్మీ) చేత్తోనే మూయండి. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: చేప లైన్ లాక్కుపోతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకండి. గేర్ నిష్పత్తి 5:1 ఉన్న (హ్యాండిల్ ఒక్క చుట్టుకి బెయిల్ ఐదు చుట్లు తిరిగే) రీల్‌లో అలా ఒక్క చుట్టు తిప్పితే లైన్‌కి ఐదు మెలికలు పడతాయి. ఇప్పటికే మెలిక పడి ఉంటే లూర్ విప్పేసి, ఉత్త లైన్‌ని పారే నీళ్లలోకి బారుగా వదలండి. కాసేపటికి మెలికలు విడిపోతాయి. అప్పుడు లైన్‌ని రెండు వేళ్లతో బిగువుగా పట్టుకుని మళ్లీ చుట్టుకోండి.