ఆకులు గుబురుగా ఉన్నాయి, కాయ లేదా? మీ హాలపీన్యోకి ఎరువు ఆపండి

నమస్తే అండీ. మళ్లీ అదే ఫోటో వచ్చింది. నడుమెత్తు హాలపీన్యో మిర్చి మొక్క, ఆకులు నల్లగా అనిపించేంత ముదురు పచ్చ, కాయ మాత్రం ఒక్కటి లేదు. కింద ప్రశ్న: "ఇంకా ఏం ఎరువు వేయమంటారు?" ఈ 'ఇంకా' అనే మాట చూస్తే నాకు బీపీ వస్తుంది. ఏమీ వేయకండి. వేసిందే ఎక్కువైంది.

(జలపెనో అనేవాళ్లు అలాగే అనండి, గొడవ లేదు. మెక్సికోలో హలాపా అనే ఊరి మీద వచ్చిన పేరు కాబట్టి నేనిలా అంటున్నా.)

సంక్రాంతికి అత్తారింటికొచ్చిన కొత్త అల్లుణ్ణి తలుచుకోండి. మూడు రోజులు అరిసెలు, గారెలు, కోడికూర, బాగుంది. పండగ అయిపోయాక కూడా నెల రోజులు అలాగే పెడుతూ ఉంటే బుగ్గలొస్తాయి, పొట్టొస్తుంది, ఉద్యోగానికి వెళ్లాలని మాత్రం ఎందుకనిపిస్తుంది? కాయ కాయడం ఈ మొక్కకి ఉద్యోగం. నత్రజని అరిసెల పళ్లెం. పళ్లెం నిండుతున్నంత కాలం కొమ్మలూ ఆకులూ పెంచుకుంటూ కూర్చుంటుంది, పూత సంగతి తర్వాత చూద్దాం అన్నట్టు.

[సంచి కెమెరాకి చూపిస్తూ]

ఇదీ అసలు దొంగ. లాన్‌కి వేసే ఎరువు. మూడు నంబర్లున్నాయి కదా, మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. గడ్డికి ఆకే పంట కాబట్టి లాన్ సంచి మీద మొదటి నంబరు 25, 30 అలా ఉంటుంది. మా డాలస్ వైపు ప్రతి గరాజ్‌లో ఇదొకటి ఉంటుంది, మిగిలింది కదా అని మిర్చికి ఒక గుప్పెడు. నేనూ మొదటి ఏడాది అదే చేసి ఎండాకాలమంతా ఆకులు చూస్తూ కూర్చున్నా, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. ఇందులో కలుపు మందు కలిపిన రకం కూడా వస్తుంది, దాన్ని అస్సలు ముట్టుకోకండి, అది వెడల్పాకు మొక్కల్ని చంపడానికే చేసింది, మిర్చిది వెడల్పాకే. ఇండియా నుంచి చూసేవాళ్లకి ఒక్క మాట: యూరియాలో 46 శాతం నత్రజనే. అది పళ్లెం కాదు, గంగాళం.

మరి ఎప్పుడు వేయాలి? నారు నాటేటప్పుడు మట్టిలో కంపోస్ట్ బాగా కలపండి, అది పండగ భోజనం. మొక్క నిలదొక్కుకునే వరకు కావాలంటే 5-1-1 ఫిష్ ఎమల్షన్, అంటే చేపలతో చేసే ద్రవ ఎరువు, నీళ్లలో పలచగా కలిపి పోయండి (వాసనకి పక్కింటివాళ్లు ఏమన్నా నాకు సంబంధం లేదు). మొగ్గలు కనబడగానే పళ్లెం తీసేయండి. పిందెలు గోలీకాయంత అయ్యాక మళ్లీ కాస్త పెట్టాలి, ఎందుకంటే అల్లుడు డ్యూటీకెక్కాడు, ఇప్పుడు క్యారేజీ కట్టాలి. టొమాటోలకి అమ్మే 3-4-6 లాంటిది, మూడో నంబరు పెద్దదిగా ఉన్నది చూసుకోండి. ప్యాకెట్ మీద రాసినంతే, కాండానికి ఆనకుండా జానెడు దూరంలో చుట్టూ వేసి, పైమట్టిలో కలిపి నీళ్లు పెట్టండి. ఎండిన మట్టిలో వేయొద్దు, వేర్లు మాడతాయి.

ఇక కాయ అడుగున నల్లమచ్చ. అది కనబడగానే అందరూ మట్టిలో కోడిగుడ్డు పెంకులు వేసేస్తారు! కాల్షియం అందకపోతేనే ఆ మచ్చ, నిజమే. కానీ మా నల్లబంకమట్టిలో సున్నం రూపంలో కాల్షియం ఇప్పటికే దండిగా ఉంది, పైగా పెంకులు అందులో కరగడానికి ఏళ్లు పడుతుంది. వంటింట్లో గంపెడు గారెలున్నాయి, వడ్డించే మనిషి లేదు, సమస్య అదీ. ఆ వడ్డించే మనిషి నీళ్లు. మూడు రోజులు ఎండగట్టి నాలుగో రోజు ముంచేస్తే వడ్డన తప్పుతుంది. ఎప్సమ్ సాల్ట్ చల్లితే ఇంకా చెడుతుంది, అందులోని మెగ్నీషియం కాల్షియానికి అడ్డుపడుతుంది. అది చల్లమనే వీడియోలు ఎవరు మొదలుపెట్టారో గానీ.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తా. కుండీల్లో అయితే నీళ్లతో పాటు ఎరువూ కొట్టుకుపోతుంది, కాబట్టి రెండు వారాలకోసారి పలచగా ఇవ్వాలి. జులైలో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక పూత రాలితే అది ఎండ పని, ఎరువుతో ఆగదు, నీడ గుడ్డ కట్టి సెప్టెంబరు దాకా ఆగండి, మళ్లీ పూస్తుంది. కాయ మీద సన్నటి గోధుమ రంగు గీతలు తెగులు కాదు, కాయ ముదిరిందని గుర్తు. అనుమానం తీరకపోతే టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ మట్టి పరీక్ష ల్యాబ్‌కి మట్టి పంపండి, మీ మట్టిలో ఏముందో ఏం లేదో రాసి పంపుతారు.

[లోపలి నుంచి పిలుపు]

ఆ, వస్తున్నా! నూనె కాగిందట. ఈ గీతల కాయలు బజ్జీకి భలే ఉంటాయి, కండ మందం కదా. ఉంటానండీ.