చివరి మాటదే పెత్తనం

శ్రోతలకు నమస్కారం. ఇంగ్లీషువాళ్లు కొత్త మాట కావాలంటే పెద్దగా కష్టపడరండీ, ఉన్న మాటలు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టేస్తారు. టీ, పాట్ కలిస్తే టీపాట్, అంతే, మధ్యలో విభక్తి లేదు, ప్రత్యయం లేదు. బడిలో సమాసాలకు విగ్రహవాక్యాలు రాసినవాళ్లకు ఇది మరీ కొత్తేం కాదు.

అయితే పెత్తనం చాలావరకు చివరి మాటదే. బోట్‌హౌస్ అంటే ఒడ్డున పడవలు పెట్టుకునే షెడ్డు, అదే తిరగేసి హౌస్‌బోట్ అన్నారనుకోండి, కాశ్మీరులో దాల్ సరస్సు మీద చూస్తామే, మనుషులు ఉండే పడవ, అదీ. ముందున్న మాటకు ఆ రెండోదానితో సంబంధమేమిటో మాత్రం ఎవరూ చెప్పరు, మనమే పట్టుకోవాలి. రెయిన్‌కోట్ వానలో తడవకుండా వేసుకునేది, ఫర్‌కోట్ బొచ్చుతో కుట్టింది. రెండూ కోట్లే!

కొన్ని ఈ లెక్కకు లొంగవు. పిక్‌పాకెట్ జేబు కాదు, జేబు కొట్టేసేవాడు. స్కేర్‌క్రో కాకి కాదు, చేలో నిలబెట్టే దిష్టిబొమ్మ. మన బహువ్రీహి లాంటివన్నమాట, చక్రపాణి అంటే చెయ్యి కాదు కదా, విష్ణువు.

మనవాళ్లు తడబడేదల్లా పలకడంలోనే. గ్రీన్‌హౌస్‌లో ‘గ్రీన్’ని నొక్కి పలికితే మొక్కలు పెంచే అద్దాల గది, ‘హౌస్’ని కూడా గట్టిగా అంటే మామూలు పచ్చరంగు ఇల్లు. తెలుగులో ఎక్కడ నొక్కినా అర్థం మారదు కాబట్టి మన చెవి ఆ తేడాను పట్టించుకోదు. పోనీ ఎప్పుడూ మొదటిదాన్నే నొక్కుదామా అంటే అదీ కుదరదు. ఆపిల్ కేక్‌లో ‘ఆపిల్’ని నొక్కుతారు, ఆపిల్ పై (pie) అనే తీపి వంటకం పేరులో ‘పై’ని నొక్కుతారు. ఇలాంటివి విని నేర్చుకోవాల్సిందే.

ఇక కలిపి రాయాలా, విడదీయాలా, మధ్యలో హైఫన్ పెట్టాలా అని టెన్షన్ పడకండి, వాళ్లకే కుదురు లేదు. ఒకప్పుడు టుడేకి కూడా మధ్యలో హైఫన్ పెట్టేవారు. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కొత్త కూర్పులో దాదాపు 16,000 మాటల్లోంచి హైఫన్లు తీసేశారు. అప్పుడు ఐస్ క్రీమ్ రెండు మాటలైంది, బంబుల్‌బీ ఒక్కటైంది.

వాడగా వాడగా అతుకు కనపడకుండా అరిగిపోయినవీ ఉన్నాయి. లార్డ్ అన్న మాట పాత ఇంగ్లీషులో రెండు మాటలు, రొట్టె, కాపలాదారు. ఆ రొట్టె కాపలాదారునే మన కోర్టుల్లో ఇప్పటికీ ‘మై లార్డ్’ అని పిలుస్తున్నారు.