ఉప్పుగాలి కొట్టే గోడకు ఏ పెయింట్? (ఫోన్-ఇన్)

యాంకర్: కళింగపట్నం నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా ఇల్లు సముద్రానికి దగ్గరే. బయట పెయింట్ వేయించి రెండేళ్లు కాలేదు, తూర్పు గోడంతా పెచ్చులు లేచిపోతోందండీ. రబ్బరులా సాగే రకం వేస్తే ఇక చూసుకోనక్కర్లేదని షాపులో అంటున్నారు. ఏటి చెయ్యమంటారు?

ఇంజినీరు: గోడ దగ్గరే ఉన్నారా? ఊడిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పండి.

శ్రోత: (కాసేపటికి) తెల్లగా పిండిలా ఉందండీ, వేలికి అంటుకుంటోంది.

ఇంజినీరు: ఆ గోడకు ఎప్పుడైనా సున్నం వేశారా?

శ్రోత: మా మావగారున్నన్నాళ్లూ ఏటా సంక్రాంతికి సున్నమేనండీ.

ఇంజినీరు: అదీ సంగతి. మీ పెయింట్ గోడను పట్టుకోలేదమ్మా, సున్నాన్ని పట్టుకుంది. సున్నం రాలితే అదీ రాలింది. దానిమీద ఎంత ఖరీదైనది పూసినా ఇంతే. ముందు వైరు బ్రష్‌తో గోకించండి. అరచేత్తో రుద్దితే పొడి అంటకూడదు. తర్వాత మంచినీళ్లతో కడిగించండి. సముద్రపు గోడ కదా, ఉప్పు పేరుకుని ఉంటుంది, అది గాల్లో తేమను లాగుతూనే ఉంటుంది.

శ్రోత: కడిగాక ఆరిందో లేదో ఎలా తెలుస్తుందండీ?

ఇంజినీరు: మూరెడు పాలిథిన్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి, మర్నాడు విప్పి చూడండి. లోపల చెమ్మ ఉంటే ఇంకా ఆగాల్సిందే. పిట్టగోడ పైభాగం కూడా చూసుకోండి. 2018లో తిత్లీ తుపానుకు వాన అడ్డంగా కొట్టింది కదా, సజ్జలేం ఆపాయి? పగుళ్లుంటే నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. సిమెంటుతో పూడిస్తే ఆ చోట 28 రోజులు ఆగాలి.

యాంకర్: మరి ఆ రబ్బరు పెయింట్?

ఇంజినీరు: వెంట్రుకంత పగుళ్లకు బాగుంటుంది, కాదనను. కానీ గోడలో తడి ఉండగా వేస్తే బయటికి పోయే దారిలేక బుడగలు లేస్తుంది. మీకైతే సున్నం, సిమెంటుల్లో ఉండే క్షారాన్ని తట్టుకునే బయటి ప్రైమరు, అంటే పెయింట్ కింద వేసే పూత, ఒక కోటు, ఆపైన బయటి గోడల అక్రిలిక్ ఎమల్షన్ రెండు కోట్లు చాలు. లోపలి గోడల పుట్టీ మాత్రం బయట పెట్టనివ్వకండి.

శ్రోత: పెయింటరు రేపే వస్తానన్నాడండీ.

ఇంజినీరు: రమ్మనండి. డబ్బాలు కాదు, వైరు బ్రష్ తెచ్చుకోమనండి.