ఎపిసోడ్: కొత్త మందు, పాత మోతాదు

కిరణ్: నమస్తే అందరికీ. ఈ వారం స్కిజోఫ్రేనియాకి, అంటే లేనివి ఉన్నట్టు, ఎవరో హాని చేస్తున్నట్టు అనిపించే మానసిక జబ్బుకి, వచ్చిన కొత్త మందు గురించి. అక్కా, ఈసారైనా టైమ్ అయిపోయిందని గంట కొట్టించుకోకుండా మొదలుపెడదాం.

సుజాత: ఆ గంట బాధ పాత శ్రోతలకు తెలుసులే. సరే, మందు పేరు కోబెన్‌ఫీ. 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. 1952లో ప్యారిస్‌లో క్లోర్‌ప్రొమజీన్ మొదలైన దగ్గర్నుంచి వచ్చిన మందులు దాదాపు అన్నీ మెదడులోని డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకునేవే. ఇది వేరే దారి పట్టింది. వికారం, మలబద్ధకం ఉంటాయి.

కిరణ్: అది వచ్చేలోపు ఇళ్లలో జరిగేది మాట్లాడదాం. ఒక అమ్మగారు వాయిస్ మెసేజ్ పంపారు. కొడుకు మాత్ర వేసుకోనంటే పొడి చేసి పెరుగన్నంలో కలుపుతున్నారట. తప్పా అని అడుగుతున్నారు.

సుజాత: తప్పే.

కిరణ్: అంత టక్కున అనేయకక్కా! మా అమ్మ బాబాయికి అలాగే పెట్టింది. ట్యాంకులో విషం కలిపారని నీళ్లు కూడా ముట్టని మనిషి. అమ్మ ఏం చేస్తుంది?

సుజాత: ఆయనకి తెలిసిందా?

కిరణ్: ...తెలిసింది. అన్నంలో తెల్లటి పలుకు కనబడింది. వేలి మీదకి తీసి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అమ్మ చేతి ముద్ద తినలేదు.

సుజాత: చూడు, విషం కలుపుతున్నారని భయపడే మనిషికి మనమే రుజువు చూపించాం. అసలు మాత్ర ఎందుకు వద్దన్నాడో ఎవరైనా అడిగారా?

కిరణ్: హాలోపెరిడాల్ అనే పాత మందు వేసుకున్నప్పుడు కాళ్లు ఒక చోట నిలిచేవి కావు. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతూనే ఉండేవాడు. జబ్బు ముదిరిందనుకున్నాం.

సుజాత: అది మందు వల్ల కూడా వస్తుంది. మోతాదు చూడాలి! నేను ఎప్పుడూ మోతాదు అనేది ఇందుకే. ఒకసారి రాసిన చీటీనే ఏళ్ల తరబడి నడిపిస్తారు.

కిరణ్: తగ్గిస్తే బాగుంటుందా మరి? నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం ఏదో చెప్పావుగా.

సుజాత: మొదటిసారి జబ్బు చేసి కుదుటపడ్డవాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మందు తగ్గించడమో ఆపడమో చేశారు. ఏడేళ్ల తర్వాత చూస్తే వాళ్లలో 40 శాతం కోలుకున్నారు, మామూలుగా కొనసాగించినవాళ్లలో దాదాపు 18 శాతం. ఇది 2013లో వచ్చింది.

కిరణ్: అంటే మాత్ర వద్దని బాబాయి అన్నదే నిజం కదా!

సుజాత: ఆగు. బ్రిటన్‌లో 253 మందితో రాడార్ అని ఒక అధ్యయనం చేశారు. చాలామంది ఏళ్లుగా జబ్బుతో ఉన్నవాళ్లు. ఒక జట్టుకి మందు మెల్లగానే తగ్గించారు. రెండేళ్లకి చూస్తే నలుగురిలో మసలడం, పనిపాటలు మెరుగుపడలేదు. తీవ్రంగా తిరగబెట్టింది మాత్రం తగ్గించినవాళ్లలో 25 శాతం మందికి, కొనసాగించినవాళ్లలో 13 శాతానికే. ఇది చేయించిన జొవానా మాంక్రీఫ్ మందుల్ని గట్టిగా ప్రశ్నించే డాక్టర్. తన అంచనాకి ఎదురొచ్చినా ఫలితం ప్రచురించారు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

కిరణ్: అయితే మింగమని బలవంతపెట్టడమేనా?

సుజాత: మళ్లీ అక్కడికే వస్తావేంటి? అడగమంటున్నాను. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషి బాగున్నప్పుడే, రేపు తిరగబెడితే ఏ వైద్యం కావాలో ఏది వద్దో రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా తనే చెప్పొచ్చు.

కిరణ్: బాబాయి రాస్తే ఎవరు చదువుతారక్కా? ఓపీలో రెండు నిమిషాలు కూడా కూర్చోనివ్వరు. బయట లైను.

సుజాత: అదే నా కోపం కూడా.

కిరణ్: ఆ అమ్మగారికి ఏం చెబుదాం? ఇవాళ రాత్రి కలపాలా వద్దా?

సుజాత: ఉన్నట్టుండి ఆపేస్తే అదో ప్రమాదం. ముందు 14416కి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయ లైన్‌కి ఫోన్ చేయమను. డాక్టర్‌తో కలుపుతున్న సంగతి దాచకూడదు, ఎన్ని మిల్లీగ్రాములో సహా చెప్పాలి. అబ్బాయి ఒప్పుకుంటే నెలకోసారి ఇంజెక్షన్ కూడా ఉంది. ఆ మోతాదు కూడా...

కిరణ్: మళ్లీ మోతాదు!

సుజాత: ఎవరో ఒకరు అడిగేదాకా అంటూనే ఉంటాను. మీ బాబాయికి మోతాదు చివరిసారి ఎప్పుడు చూశారు?

కిరణ్: అమ్మని అడగాలి. అదిగో, గంట కొట్టేశారు. కొత్త మందు సంగతి వచ్చే వారం.