వెటకారం పడలేని కుర్రాడు: ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నాకెందుకు ఇష్టం

(దృశ్యం: సఖినేటిపల్లి రేవు. పంటు మీద బైకులు, కొబ్బరికాయల బస్తాలు, కాలేజీ పిల్లలు. ఇంజిన్ చప్పుడు కాస్త తగ్గాక మాట మొదలు.)

మాయలు నేర్పే బడి. తల్లి లేని కుర్రాడు. పెద్దింటి నుంచి వచ్చి వాడిని చిన్నచూపు చూసే తోటి విద్యార్థి. ముఖం మీద మచ్చ. ఇంత చెప్పగానే మీ నోటికి ఒక పేరు వచ్చే ఉంటుంది. ‘హ్యారీ పోటర్’ కాదండీ. అది రావడానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందు, 1968లో, అమెరికాలోని బర్క్‌లీలో ఒక చిన్న ప్రచురణ సంస్థ వేసిన నవల ఇది. పేరు ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. రాసినావిడ ఉర్సులా కె. లె గ్విన్. నీకు ఇష్టమైన ఫాంటసీ నవల ఏదని ఎవరడిగినా నేను తడుముకోకుండా చెప్పే పేరు.

పంటు ఎక్కి మరీ ఎందుకు చెబుతున్నానంటే, ఎర్త్‌సీలో ఖండాలు లేవు. అన్నీ దీవులే. చదువుకి వెళ్లాలన్నా, చుట్టాలింటికి వెళ్లాలన్నా, పారిపోవాలన్నా పడవే దిక్కు. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, నడుమ వైనతేయ, ఈ మూడు గోదావరి పాయల మధ్య పుట్టినవాళ్లకి అదేమీ వింత లోకంలా అనిపించదు. గాలి ఎటు తిరిగిందో చూసుకోవడం, ఆఖరి పడవ వెళ్లిపోతే రాత్రి ఎక్కడ పడుకోవాలా అనే టెన్షన్, రేవులో కొత్త మనిషి దిగితే ఊరంతా తేరిపార చూడడం, ఇవన్నీ పుస్తకం నిండా ఉంటాయి.

లె గ్విన్ 1929లో పుట్టారు. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవశాస్త్రవేత్త, తల్లి థియోడోరా రచయిత్రి. కాస్త పెద్ద పిల్లల కోసం ఏదైనా రాయమని 1967లో ప్రచురణకర్త ఆవిడని అడిగారు. అప్పుడు ఆవిడకి వచ్చిన ఆలోచన చాలా సాదాసీదాది. కథల్లో మాంత్రికులంతా తెల్లగడ్డం ముసలివాళ్లే. మరి వాళ్లూ ఒకప్పుడు కుర్రాళ్లే కదా! ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? నేర్చుకునేటప్పుడు ఏమేం తగలబెట్టారు?

(దృశ్యం: తెల్ల కాగితం మీద చేత్తో గీసిన దీవుల పటం. గాంట్ నుంచి రోక్‌కి వేలితో దారి చూపిస్తూ.)

కథలోకి వద్దాం. గాంట్ అనే కొండల దీవి, అందులో ఒక మారుమూల పల్లె. కంచుపని చేసే కమ్మరి కొడుకు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. చిన్న చిన్న మంత్రాలు వచ్చిన పెద్దమ్మ ఒకామె మేకలను పిలవడానికి ఏదో అంటుంటే విని, వీడూ అదే అన్నాడు. మేకలన్నీ వచ్చి చుట్టూ మూగాయి, వదలవు. అలా బయటపడింది వీడిలో ఉన్న శక్తి. పన్నెండేళ్లప్పుడు ఊరి మీదకి దోపిడీ సేన వస్తే, పొగమంచు కమ్మించి ఊరిని కాపాడాడు. ఆ సంగతి విని ఓగియన్ అనే గురువు వెతుక్కుంటూ వచ్చి, పదమూడో ఏట వాడికి పేరు పెట్టాడు. గెడ్.

ఆ పేరు పెట్టే ఘట్టం చదివి మా ఇంట్లో పెద్దవాళ్లకి వినిపిస్తే వాళ్లకేమీ కొత్తగా లేదు. పిల్లవాడు చల్లటి నీళ్లలో నడిచి అవతలి గట్టుకి రావాలి. అక్కడ గురువు చెయ్యి పట్టుకుని చెవిలో పేరు చెబుతాడు. మన బారసాలలో తండ్రి పళ్లెంలో బియ్యం మీద పేరు రాసి బిడ్డ చెవిలో చెప్పడం మీరంతా చూసిందే. తేడా ఏమిటంటే, ఎర్త్‌సీలో ఆ పేరు ఇంకెవరికీ తెలియకూడదు. అసలు పేరు తెలిసినవాడి చేతిలో మన ప్రాణం ఉన్నట్టే. అందుకని ఊరందరికీ ఒక వాడుక పేరు, ప్రాణానికి ప్రాణమైన ఒకరిద్దరికి అసలు పేరు. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పిలిచి మృత్యువు కన్ను పడకుండా దాచుకున్నవాళ్లం మనం. ఈ లెక్క మనకి వేరే వివరించక్కర్లేదు.

ఓగియన్ దగ్గర గెడ్ ఎక్కువకాలం నిలవలేదు. కారణం వాన. గురువుగారు భూకంపాన్నే ఆపిన మనిషి, కానీ వాన పడితే తడుస్తాడు. మబ్బుని పక్కకి నెట్టడు. చెట్టు కింద హాయిగా పడుకుంటాడు. కుర్రాడు తడిసిన పొదల్లో వణుకుతూ, ఇంత శక్తి ఉండి వాడకపోతే ఎందుకూ అని రగిలిపోతాడు. పదమూడేళ్లప్పుడు మనమూ గెడ్ పక్షమే. తర్వాత రోక్ దీవిలోని బడిలో గురువులు అసలు సంగతి చెబుతారు: ఇక్కడ నువ్వు వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు. గోదావరి లంకలో వ్యవసాయం చేసేవాళ్లకి ఇది మంత్రశాస్త్రం కాదు. ఈ గట్టు కోసుకుపోకుండా రాళ్లు పోస్తే, ప్రవాహం తిరిగి ఎదుటి గట్టుకి తగులుతుంది. అవతల ఒకాయన కొబ్బరిచెట్లు ఏట్లో కలిసిపోతాయి. లె గ్విన్ మాయకి పెట్టిన నియమం కూడా అంతే. ఊరికే వచ్చేది ఏదీ లేదు, ఎక్కడో ఎవరికో ఖర్చు రాస్తారు. ఇష్టమొచ్చినట్టు మంత్రదండం తిప్పే పుస్తకాలు ఆ తర్వాత నాకు చప్పగా అనిపించాయి.

ఆ బడిలో చదువు కూడా తమాషాగా ఉంటుంది. ఊరికి దూరంగా ఒక బురుజు, అందులో పేర్లు నేర్పే గురువు. సముద్రంలో ప్రతి అగ్రానికి, ప్రతి పాయకి, ప్రతి గడ్డిపోచకి ఉన్న అసలు పేర్లు జాబితాలుగా నేర్చుకోవాలి. అర్ధరాత్రి అయ్యేసరికి కాగితం మీద సిరా మాయమైపోతుంది. అప్పటిలోగా వస్తే వచ్చినట్టు. బట్టీ కొట్టి ఇంటర్ గట్టెక్కినవాళ్లు ఈ పేజీలు నవ్వకుండా చదవలేరు.

(దృశ్యం: పంటు నరసాపురం ఒడ్డుకి చేరుతోంది. దిగడానికి జనం ముందుకి జరుగుతున్నారు. ఇక్కణ్ణుంచి ముఖం దగ్గరగా.)

ఇక అసలు విషయం. రోక్‌లో గెడ్‌కి జాస్పర్ అనేవాడు తగులుతాడు. మంచి కుటుంబం, మంచి బట్టలు, మంచి భాష. వాడు గెడ్‌ని ఒక్క బూతు మాట అనడు. మర్యాద తప్పడు. కానీ వాడు మాట్లాడితే ఒంట్లో మంట. అవును, వెటకారం. గోదావరి జిల్లాలవాళ్లకి జాస్పర్‌ని వేరే పరిచయం చెయ్యాలా? మన దగ్గర కాఫీ హోటల్లో కూర్చుంటే గంటకి నలుగురు జాస్పర్లు కనబడతారు. మనం దాన్ని కళ అనుకుంటాం, రీల్స్ చేసుకుని నవ్వుకుంటాం. ఆ మాట పడ్డవాడు రాత్రి ఇంటికెళ్లి ఏం చేస్తాడో చూపించే పుస్తకాలు తక్కువ. ఈ నవల మొత్తం దాని మీదే నడుస్తుంది. పేదరికంలోంచి వచ్చిన, తెలివి ఉన్న, ఆ తెలివి తప్ప ఇంకేమీ లేని కుర్రాడు ఒక వెటకారాన్ని పడలేకపోయాడు. అంతే.

ఒక వేసవి పండగ రాత్రి పందెం పడింది. నీకు చేతనైంది చూపించు అన్నాడు జాస్పర్. పదిహేనేళ్ల గెడ్ చనిపోయిన ఒక మహారాణి ఆత్మని పిలిచాడు. పిలవగలిగాడు కూడా. కానీ తెరిచిన చీలికలోంచి ఇంకోటి వచ్చింది. నల్లటి నీడ, రూపం లేదు, పేరు లేదు. గెడ్ ముఖాన్ని చీరేసింది. దాన్ని తరిమి చీలిక మూయడంలో బడి పెద్దాయన ప్రాణం పోయింది.

మామూలు కథ అయితే ఇక్కడ కుర్రాడు ప్రతిజ్ఞ చేసి కత్తి పట్టాలి. లె గ్విన్ అలా చెయ్యలేదు. నెలల తరబడి మంచం మీద ఉంచింది. లేచాక వాడికి మాట సరిగా రాదు, ఒకప్పుడు ఇట్టే చేసిన మంత్రాలు చెయ్యాలంటే భయం. తన కంటే చిన్నవాళ్లు తనని దాటిపోయారు. ఒక ఏడాది పోగొట్టుకుని జూనియర్ల పక్కన కూర్చున్నవాళ్లకి ఆ పేజీలు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. ఫాంటసీలో నేను చదివిన అవమానాలన్నిటిలోకి ఇది నిజమైన అవమానం, ఎందుకంటే ఎవరూ వాడిని తిట్టరు.

అప్పుడు వస్తాడు వెచ్. వీడు గెడ్ స్నేహితుడు, నల్లటి మనిషి, నెమ్మది, తిండిపుష్టి ఉన్నవాడు. చదువు పూర్తయి తన దీవికి వెళ్లిపోతూ గెడ్‌ని చూడడానికి వచ్చి, అడక్కుండానే తన అసలు పేరు చెప్పేస్తాడు. ఎస్టారియల్. తప్పు చేసి, ఒక ప్రాణం పోవడానికి కారణమై, అందరి ముందూ తలెత్తుకోలేని వాడి చేతిలో తన ప్రాణం పెట్టాడన్నమాట. ఓదార్పు మాటలు లేవు, హితబోధ లేదు. గెడ్ తిరిగి తన పేరు చెబుతాడు. నాకు ఈ పుస్తకంలో ఒకే ఒక్క సన్నివేశం మిగుల్చుకోమంటే డ్రాగన్లని కూడా వదిలేసి దీన్ని ఉంచుకుంటాను.

డ్రాగన్ అంటే గుర్తొచ్చింది, అదీ ఉంది. గెడ్ మొదటి ఉద్యోగం కొన్ని పేద చేపలవాళ్ల దీవుల్లో. పక్క దీవిలో ముసలి డ్రాగన్, దాని పిల్లలు. అక్కడ పడవలు కట్టే ఒక వడ్రంగితో స్నేహం కుదిరింది. ఆయన కొడుకు జబ్బుపడితే కాపాడబోయి, చనిపోతున్న బిడ్డ వెంట మృత్యువు హద్దు దాకా వెళ్లిపోయాడు గెడ్. బిడ్డ దక్కలేదు. నీడ మాత్రం మళ్లీ కనబడింది. ఇక ఉండలేక, ఊరివాళ్లని దిక్కులేకుండా వదలలేక, డ్రాగన్ దగ్గరికి తానే పడవేసుకుని వెళ్లాడు. అది బేరం పెట్టింది: నిన్ను వెంటాడే నీడ పేరు చెబుతా, తీసుకుని పో. గెడ్‌కి ప్రపంచంలో కావలసింది అదొక్కటే. తీసుకోలేదు. ఈ దీవుల జోలికి రానని మాటివ్వు, చాలు అన్నాడు. వెటకారం పడలేక వెనకటి ఘోరం చేసిన కుర్రాడు వీడేనా అని అక్కడ ఒక్క క్షణం పుస్తకం మూసి కూర్చున్నాను.

(తెర మీద అక్షరాలు: ఇక్కణ్ణుంచి ముగింపు చెబుతాను. వద్దనుకుంటే రెండు నిమిషాలు ముందుకి జరపండి.)

నీడ తరుముతోంది, గెడ్ పారిపోతున్నాడు. తిరిగి తిరిగి ఓగియన్ గుమ్మంలో పడితే, ఆ మాటలు తక్కువ గురువు ఒకటే చెప్పాడు: వెనక్కి తిరుగు. పారిపోయినంతకాలం దారి అది నిర్ణయిస్తుంది, నువ్వు వేటాడితే నువ్వు నిర్ణయిస్తావు. అప్పటినుంచి కథ తలకిందులైంది. వెచ్‌ని తోడు తీసుకుని చిట్టచివరి దీవి దాటి తూర్పుగా, పటంలో ఏమీ లేని సముద్రంలోకి వెళ్లారు. అక్కడ ఇద్దరూ ఎదురుపడ్డారు, మనిషీ నీడా. దాని పేరు తెలియాలి కదా గెలవడానికి. గెడ్ పలికిన పేరు ‘గెడ్’. అదే క్షణంలో నీడ కూడా అదే పేరు పలికింది. ఇద్దరూ ఒకటైపోయారు. గెలుపూ లేదు, ఓటమీ లేదు, శవం లేదు. యుద్ధం కోసం ఎదురుచూసిన నా స్నేహితుడికి ఇది నచ్చలేదు, ఇప్పటికీ మోసం చేశారనే అంటాడు. నాకు మాత్రం, తనలోని కుళ్లుని పక్కవాడి నెత్తిన రుద్దకుండా, ఇది నాదేనని పేరు పెట్టి పిలిచిన హీరో అంతకుముందు తగల్లేదు.

ఇంకొక సంగతి, రంగు. గెడ్ ఎర్రమట్టి ఛాయ మనిషి. వెచ్ నలుపు. మొదట్లో ఊరి మీద పడ్డ దోపిడీ సేనే తెల్లవాళ్లు. 1968లో ఒక అమెరికన్ రచయిత్రి కావాలనే ఇలా రాసింది, దాని మీద ఉపన్యాసం ఇవ్వకుండా. కానీ అట్ట బొమ్మల్లో గెడ్ ఎన్నోసార్లు తెల్లగా మారిపోయాడు. 2004లో వచ్చిన టీవీ సీరీస్‌లోనూ అంతే. ఆవిడ కోపంగా వ్యాసమే రాశారు. మన సినిమాల్లో లంక పల్లె కథ తీసినా హీరోయిన్ని ఎక్కణ్ణుంచి తెస్తారో తెలుసు కాబట్టి, మనం నవ్వడానికి లేదు.

లోపం లేదా అంటే ఉంది. ఈ మొదటి నవలలో ఆడవాళ్లకి చోటు బాగా తక్కువ. బడిలో ఆడపిల్లలు లేరు. ఆడవాళ్ల మంత్రం బలహీనం, ఆడవాళ్ల మంత్రం చెడ్డది అని గాంట్‌లో సామెతలు కూడా ఉన్నాయి. లె గ్విన్ ఆ సంగతి దాటవేయలేదు. 1990లో ‘టెహాను’ రాసి, అదే లోకాన్ని ఒక నడివయసు ఆడమనిషి వంటింట్లోంచి మళ్లీ చూపించారు. ఈ వరసలో మొదటి మూడు నవలలు చదివినవాళ్లలో కొందరికి అది మింగుడుపడదు. నాకు పడింది.

(దృశ్యం: నరసాపురం రేవు మెట్లు. చేతిలో పుస్తకం.)

చదవాలనుకుంటే రెండు మాటలు. ఇంగ్లీష్ కొంచెం పాతకాలపు గంభీరమైన పద్ధతిలో ఉంటుంది. మొదటి ఇరవై పేజీలు పైకి చదవండి, చెవికి పట్టుబడితే తర్వాత దానంతట అదే సాగుతుంది. మొదటి పేరాలోనే గెడ్ పెద్దయ్యాక గొప్ప మాంత్రికుడు అవుతాడని చెప్పేస్తుంది, కంగారుపడకండి, బతుకుతాడా లేదా అన్నది ఈ కథలో ప్రశ్నే కాదు. ఈ వరసలో రెండో నవల 1971లో వచ్చిన ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’. అందులో హీరో గెడ్ కాదు, చీకటి గుడిలో పెరిగిన ఒక పూజారిణి. సగం పుస్తకం దగ్గరపడేదాకా గెడ్ కనిపించడు. వాడెప్పుడు వస్తాడా అని పేజీలు దాటెయ్యకండి, ఆ అమ్మాయి కథ ఇంకా బాగుంటుంది.