ఎస్‌జీఐని ఎన్విడియా చంపలేదు, ఇక ఆపండి!

ఒకప్పుడు ఖరీదైన 3డీ గ్రాఫిక్స్ కంప్యూటర్లు చేసిన ఎస్‌జీఐని (అంటే సిలికాన్ గ్రాఫిక్స్) చంపింది గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్విడియా కాదు. మళ్ళీ చెప్తున్నా, కాదు! కామెంట్లలో రెండు గ్యాంగులు కొట్టుకుంటున్నాయి. ఎన్విడియా మింగేసిందని ఒకరు, ఇంటెల్ వాళ్ళ ఇటానియం ప్రాసెసర్‌ని నమ్ముకుని మునిగిందని ఇంకొకరు. రెండూ తప్పే. సిలికాన్ గ్రాఫిక్స్ తన చావు తానే కొనితెచ్చుకుంది. అదీ 1994లో, ఎన్విడియా మొదటి చిప్ మార్కెట్‌లోకి రాకముందే!

1994లో ఏమైంది? కంపెనీ పెట్టిన జిమ్ క్లార్కే బయటికి వెళ్ళిపోయాడు. స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్తూ, విద్యార్థులతో కలిసి జామెట్రీ ఇంజిన్ అనే చిప్ తయారుచేసిన మనిషి ఈయన. తెర మీద 3డీ బొమ్మని తిప్పాలన్నా, దగ్గరికి లాగాలన్నా వెనకాల కుప్పలకొద్దీ మాట్రిక్స్ లెక్కలుంటాయి. వాటిని నేరుగా హార్డ్‌వేర్‌లో చేసిపెట్టేది ఆ చిప్. అలాంటి క్లార్క్, చవక మెషీన్ల వైపు వెళ్దాం బాబూ అని పోరు పెట్టాడు. సీఈఓ ఎడ్ మెక్రాకెన్‌తో పడలేదు. వెళ్ళి వెబ్ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ పెట్టాడు. అంతే, నా లెక్కలో కథ అక్కడే ముగిసింది.

మెక్రాకెన్ ఎందుకు వినలేదో కూడా తెలుసు. 1993లో వచ్చిన ఎస్‌జీఐ మెషీన్ ఓనిక్స్ చూడండి. పెద్ద రాక్ మోడల్ ఫ్రిజ్ అంత ఉంటుంది. లోపల రియాలిటీ ఇంజిన్ 2 అనే గ్రాఫిక్స్ వ్యవస్థ. జామెట్రీ లెక్కలకే 12 ఇంటెల్ ఐ860 ప్రాసెసర్లు పట్టే బోర్డు! టెక్స్‌చర్లు (3డీ బొమ్మల మీద అతికించే చిత్రాలు) హార్డ్‌వేర్‌లోనే, అంచులు మెట్లుమెట్లుగా కనిపించకుండా మల్టీశాంపుల్ యాంటీఏలియాసింగ్ కూడా హార్డ్‌వేర్‌లోనే. మనం గేమ్ సెట్టింగ్స్‌లో 4ఎక్స్ అని నొక్కి మర్చిపోతామే, అది. లక్షల్లో రేటు, అదీ డాలర్లలో. సినిమా స్టూడియోలు, విమాన సిమ్యులేటర్ల వాళ్ళు క్యూ కట్టి కొంటుంటే పీసీ కార్డు ఎవడు చేస్తాడు?

అన్నట్టు, ఆ ఏడాదే వచ్చిన డైనోసార్ల సినిమా జురాసిక్ పార్క్‌లో ఓ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని "ఇది యూనిక్స్" అంటుంది కదా. తెర మీద ఫైళ్ళు 3డీ డబ్బాల్లా కనిపిస్తాయి. అది సినిమావాళ్ళు అల్లిన బొమ్మ అని నవ్వే మేధావులూ, కాస్త ఆగండి! అది ఎఫ్‌ఎస్‌ఎన్ అనే నిజమైన ప్రోగ్రామ్. ఎస్‌జీఐ మెషీన్ల మీద నడిచేది. ఆ సీన్‌ని వెక్కిరించే ప్రతి మీమ్ చూసినప్పుడల్లా నాకు బీపీ పెరుగుతుంది.

సరే, అసలు సాక్ష్యానికి వద్దాం. నింటెండో 64 గేమ్ కన్సోల్. 1996. లోపల మిప్స్ రకం ప్రాసెసర్, పక్కన గ్రాఫిక్స్ కోసం రియాలిటీ కోప్రాసెసర్. ఆ గ్రాఫిక్స్ చిప్ డిజైన్ చేసిందెవరు? ఎస్‌జీఐ! అమెరికాలో ఆ డబ్బా 199 డాలర్లు. అంటే పిల్లలాడుకునే బొమ్మలో 3డీ చిప్ పెట్టగలిగిన కంపెనీ, పీసీలో పెట్టే కార్డు మాత్రం అమ్మలేదు. చేతకాక కాదు, మనసు రాక! తొంభైల మొదట్లో ఐరిస్‌విజన్ అని పీసీలకు ఒక కార్డు చేశారు కూడా. దాన్నీ గాలికొదిలేశారు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అదే జరిగింది. ఒకప్పుడు ఎస్‌జీఐలో పనిచేసిన రాస్ స్మిత్, గ్యారీ టరోలి, స్కాట్ సెల్లర్స్ 3డీఎఫ్ఎక్స్ పెట్టారు. 1996లో పీసీలకు వూడూ అనే 3డీ కార్డు వదిలారు. దాంట్లో జామెట్రీ ఇంజిన్ లేదు! ఆ లెక్కలు పీసీలోని పెంటియం ప్రాసెసర్ చూసుకుంటుంది, కార్డు పిక్సెళ్ళకు రంగు, టెక్స్‌చర్ వేస్తుంది. 2డీ కూడా రాదు, దానికి వేరే కార్డు ఉండాలి. వర్క్‌స్టేషన్ (ఎస్‌జీఐ లాంటి ఖరీదైన ప్రొఫెషనల్ కంప్యూటర్) వాళ్ళ కంటికి అదొక సగం మెషీన్. కానీ ఆ సగం మెషీన్ కొన్ని వందల డాలర్లకే వచ్చింది. 1996లో మెమరీ రేట్లు పడిపోవడం వల్ల కుదిరింది, అంతకుముందు కుదిరేది కాదు అంటారా? ఒప్పుకుంటా. మరి రేట్లు పడ్డాక ఎస్‌జీఐ ఏం చేసింది?

నింటెండో చిప్ చేసినవాళ్ళలో కొందరు 1997లో ఆర్ట్‌ఎక్స్ పెట్టుకుని వెళ్ళిపోయారు. ఎన్విడియా పోటీదారు ఏటీఐ 2000లో వాళ్ళని కొనేసింది. 2002లో ఎన్విడియాకి చెమటలు పట్టించిన రేడియాన్ 9700 గ్రాఫిక్స్ కార్డు వెనక ఉన్నది ఆ టీమే. 1998లో ఎస్‌జీఐ ఎన్విడియా మీద పేటెంట్ కేసు వేసింది, మరుసటి ఏడు రాజీ. ఆ రాజీతో ఎస్‌జీఐ ఇంజినీర్లే కొందరు ఎన్విడియాకి వెళ్ళారు. కేసు వేసి, ఎదురు మనుషుల్ని కూడా ఇచ్చారు బాస్! అదే 1999 చివర్లో ఎన్విడియా జీఫోర్స్ 256 వచ్చింది. గొప్పగా చెప్పుకున్న ఫీచర్ ఏంటి? హార్డ్‌వేర్ ట్రాన్స్‌ఫామ్ అండ్ లైటింగ్, అంటే 3డీ బొమ్మని తిప్పే, వెలుగు వేసే లెక్కలు చిప్‌లోనే. అందులో ఆ తిప్పే లెక్క క్లార్క్ 1980ల మొదట్లోనే చిప్‌లో పెట్టిన పని!

ఇవన్నీ జరుగుతుండగా, 1999 మొదట్లో ఎస్‌జీఐకి జ్ఞానోదయమై ఇంటెల్ ప్రాసెసర్, విండోస్ ఎన్‌టీతో విజువల్ వర్క్‌స్టేషన్ 320 తెచ్చింది. అందులో కూడా సొంత చిప్‌సెట్, సొంత రకం మెమరీ, పీసీని స్టార్ట్ చేసే మామూలు బయాస్ ప్రోగ్రామ్ లేదు. పీసీ చేయమంటే పీసీ కానిది చేశారు.

ఇటానియం గ్యాంగ్, రండి కామెంట్లకి. ఇటానియం మార్కెట్‌లోకి వచ్చింది 2001లో. 1996లో 199 డాలర్ల డబ్బాలోకి చిప్ ఇచ్చినవాళ్ళు, అదే ఏడు పీసీకి కార్డు ఎందుకు అమ్మలేదో చెప్పండి. ఆ తర్వాతే మీ ఇటానియం సంగతి వింటా.