సర్వేని నమ్మాలా, పాత లెక్కనా?

(విశాఖ స్టూడియోలో జరిగిన చర్చ. ఎన్నికలు ఎక్కడో ఉండగానే సీట్ల అంకెలతో వాట్సాప్‌లో తిరుగుతున్న ఓ సర్వే ఈ గొడవకు మూలం. మాటలు ఒకదానిపై ఒకటి పడినచోట వినబడినంతే రాశాం.)

మోడరేటర్: సూటిగా అడుగుతా. ఓటరు సర్వేవాళ్లకు అబద్ధం చెబుతున్నాడా?

సర్వే నిర్వాహకుడు: అబద్ధం అనకూడదండి. పథకం అందుకుంటున్న మనిషి ట్యాబ్ పట్టుకొచ్చినవాణ్ని చూసి, ఎందుకొచ్చిందిలే అని...

విశ్లేషకుడు: ఆగండాగండి! 2018లో తెలంగాణలో కాంగ్రెస్ కూటమి గెలుస్తుందన్నారు సర్వేల లగడపాటి రాజగోపాల్. టీఆర్ఎస్‌కు 88 వచ్చాయి. 2019లో ఇక్కడ తెలుగుదేశానికి వంద అన్నారు. వచ్చినవి 23! ఏటండీ ఇది? పాత పోలింగ్ లెక్కలు ముందేసుకుంటే చాలదా?

సర్వే నిర్వాహకుడు: ఒకరు తప్పితే అందరూ తప్పినట్టేనా? 2024లో ఇక్కడ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి కేకే సర్వేస్ 161 అంది. 164 వచ్చాయి.

విశ్లేషకుడు: అప్పుడే వైసీపీ గెలుస్తుందన్నవాళ్లు లేరా? చీకట్లో అందరూ రాళ్లేస్తే ఒకరిది తగలదా?

మోడరేటర్: అంటే ఓటరు కొందరికి నిజం చెప్పి, కొందరికి అబద్ధం...

ప్రొఫెసర్: ఓటరు సంగతి కాదండీ. ఓట్లు సీట్లయ్యే దగ్గరే తిరకాసు. 2019లో 39 శాతంతో తెలుగుదేశానికి 23 సీట్లు. 2024లో అదే 39 శాతంతో వైసీపీకి 11. శాతం సరిగ్గా పట్టినవాడు కూడా సీట్ల దగ్గర...

విశ్లేషకుడు: నేను చెప్పేదీ అదే!

ప్రొఫెసర్: మీరు చెప్పేది అది కాదు.

విశ్లేషకుడు: విశాఖే చూడండి. 2019లో వైసీపీ 151తో ఊడ్చేసినా తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ తెలుగుదేశమే. గాలికి కదలవివి!

సర్వే నిర్వాహకుడు: ఉత్తరంలో గంటా గట్టెక్కింది రెండు వేల లోపు ఓట్లతో. ఎంపీ సీటు? 2019లో వైసీపీ ఎంవీవీకి నాలుగు వేల పైచిలుకు మెజారిటీ, 2024లో తెలుగుదేశం శ్రీభరత్‌కు ఐదు లక్షలు దాటింది. ఏ పాత లెక్క చెప్పిందిది?

విశ్లేషకుడు: పొత్తు కలపరా లెక్కలో? (గొంతు పెంచి) 2019లో గాజువాకలో పవన్ కల్యాణ్ ఓట్లూ తెలుగుదేశం పల్లా ఓట్లూ కలిపితే గెలిచిన వైసీపీ నాగిరెడ్డి ఓట్లకంటే ఎక్కువ! 2024లో పల్లాకి 95 వేల మెజారిటీ, రాష్ట్రంలోనే ఎక్కువ. సర్వే ఎందుకు, కూడిక చాలు.

ప్రొఫెసర్: ఆ కూడిక ప్రకారం నలభై వేలే రావాలి. మిగతా యాభై అయిదు వేలు...

మోడరేటర్: దాచుకున్న ఓటు! నోరు విప్పని ఓటరు!

విశ్లేషకుడు: స్టీల్‌ప్లాంట్ సార్! ప్రైవేటీకరణ కోపం!

మోడరేటర్: ఆ మాట మంచిదే. కార్మికుడు మనసులో ఉన్నది చెబుతాడా?

(స్టీల్‌ప్లాంట్ మీద కొంతసేపు అందరూ ఒకేసారి. ఇక్కడ రాయలేదు.)

ప్రొఫెసర్: ఒక్క మాట. ఎంతమందిని అడిగారు, ఇంటికెళ్లా, ఫోన్లోనా అన్నది చెప్పని సర్వేని అసలు చర్చకు పెట్టడమే...

మోడరేటర్: వస్తా, మీ దగ్గరికి వస్తా.

(రాలేదు.)

విశ్లేషకుడు: మన రాష్ట్రంలో ఐదేళ్లకోసారి మార్పు ఖాయం. 2019, 2024, రెండుసార్లూ అదే!

సర్వే నిర్వాహకుడు: 2009లో వైఎస్ మళ్లీ గెలవలేదా?

విశ్లేషకుడు: అది ఉమ్మడి రాష్ట్రం! లెక్కలోకి రాదు.

సర్వే నిర్వాహకుడు: మీకు నచ్చనిదేదీ లెక్కలోకి రాదు కదా...

మోడరేటర్: టైమ్ లేదు. మన విశాఖ కార్పొరేషన్, జీవీఎంసీలో 98 వార్డులున్నాయి. వాటి సంగతేంటి? (విశ్లేషకుడి వైపు తిరిగి) మీరే చెప్పండి.

విశ్లేషకుడు: చాలా సింపుల్ సార్...